చమురు తెట్టు, తీరవాసుల ఆరోగ్యం: కోనసీమ నుంచి ఎన్నోర్ దాకా

ముడి చమురు గానీ, శుద్ధి చేసిన ఇంధనం గానీ ఒలికి సముద్రం మీద, నదీముఖాల్లో, ఉప్పుటేళ్లలో పొరగా పరుచుకుంటే దాన్ని తెలుగు పత్రికలు చమురు తెట్టు అంటాయి. తెట్టు వార్తల్లోకి వచ్చినప్పుడు ముందుగా కనిపించేది నల్లబడిన ఇసుక, చచ్చిన తాబేలు, రెక్కలంటుకుపోయిన పక్షి. ఆ ఇసుక మీద బకెట్టు పట్టుకుని నిలబడ్డ మనిషి ఫొటోలో ఉంటాడు కానీ లెక్కలో ఉండడు. అతని ఊపిరితిత్తులు, చర్మం, రక్తం, నిద్ర, అప్పు ఈ వ్యాస విషయం. గత 35 ఏళ్లలో అలాస్కా, స్కాట్లాండ్, స్పెయిన్, కొరియా, అమెరికా దక్షిణ తీరాల్లో జరిగిన అధ్యయనాలు ఒక విషయంలో దాదాపు ఏకాభిప్రాయానికి వచ్చాయి. ఎంత చమురు ఒలికిందన్న దానికన్నా, మొదటి రోజుల్లో దాని పక్కన ఎవరున్నారు, ఎన్ని రోజులున్నారు, ఒంటిమీద ఏ రక్షణ ఉంది అన్నదే జబ్బును ఎక్కువగా నిర్ణయిస్తుంది.

చమురులో ఉన్నవి, చమురు నుంచి పోయేవి

ముడి చమురు వేల రసాయనాల మిశ్రమం. ఆరోగ్యం దృష్టితో చూస్తే అందులో మూడు రకాలు ముఖ్యం. మొదటివి తేలికగా ఆవిరయ్యేవి: బెంజీన్, టోలుయీన్, ఇథైల్ బెంజీన్, జైలీన్. ఇవి గాలిలో కలిసి ముక్కు, కళ్లు, గొంతు మీద వెంటనే పనిచేస్తాయి. వీటిలో బెంజీన్ మనిషికి క్యాన్సర్ తెచ్చేదని నిర్ధారణ అయిన పదార్థం. ఏళ్ల తరబడి పీల్చితే ఎముక మజ్జను దెబ్బతీస్తుంది, రక్త క్యాన్సర్‌కు దారి తీస్తుంది. రెండోవి బరువైన పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు, పొట్టిగా పీఏహెచ్‌లు. ఇవి సులువుగా ఆవిరి కావు. ఇసుకలో, బురదలో, ఆల్చిప్పల మాంసంలో నిలిచిపోతాయి. బెంజోపైరీన్ ఈ కుటుంబంలోదే. మూడోవి గంధకపు పదార్థాలు, ముఖ్యంగా హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన గుడ్డు వాసనతో చాలా తక్కువ మోతాదులోనే తెలిసిపోతుంది. మోతాదు బాగా పెరిగితే మాత్రం ముక్కుకు వాసన పట్టే శక్తే పోతుంది. వాసన తగ్గింది కదా అని దగ్గరకు వెళ్లే మనిషికి అప్పుడే ఎక్కువ ప్రమాదం.

తేలిక రకం ముడి చమురు అయితే ఒలికిన ఒకటి రెండు రోజుల్లోనే అందులో గణనీయమైన భాగం ఆవిరైపోతుంది. అంటే తీరవాసులు పీల్చే విషంలో పెద్ద వాటా అధికారులు, పరికరాలు, మాస్కులు వచ్చేలోపే గాలిలో కలుస్తుంది. ఓడలు తాము నడవడానికి వాడుకునే బరువైన ఫర్నేస్ ఆయిల్ అయితే ఆవిరి తక్కువ, జిగట ఎక్కువ. అది ఊపిరితిత్తుల కన్నా చర్మానికి, చేతులకు, వలలకు, బురదలో బతికే జీవులకు పట్టుకునే రకం. ఏ చమురు ఒలికిందో మొదటి గంటల్లోనే చెప్పాలని వైద్యులు పట్టుబట్టేది ఇందుకే. తెట్టు పాతబడితే తారుముద్దలుగా గట్టిపడి అలలతో ఒడ్డుకు కొట్టుకొస్తుంది. తారుముద్ద పొరపాటున కాలికి అంటితే ఆరోగ్యవంతుడికి పెద్ద ముప్పు లేదు. పసిపిల్లలు దాన్ని నోట్లో పెట్టుకోకుండా చూడాలి, అలర్జీ ఉన్నవాళ్లు ముట్టుకోకూడదు.

తెలుగు తీరం, దాని పొరుగు

ఆంధ్రప్రదేశ్ తీరం పొడవును చాలాకాలం 974 కిలోమీటర్లుగా చెప్పుకున్నాం. విశాఖపట్నంలో 1957లో కాల్టెక్స్ సంస్థ మొదలుపెట్టిన రిఫైనరీ ఇప్పుడు హిందుస్థాన్ పెట్రోలియం చేతిలో ఉంది. కాకినాడకు దక్షిణాన సూరసానియానం ఎదుట సముద్రంలో రవ్వ చమురు క్షేత్రం, ఇంకా లోతులో కృష్ణా గోదావరి బేసిన్ బావులు. ఒడ్డు మీద కోనసీమ కొబ్బరితోటల మధ్య ఓఎన్‌జీసీ బావులు, తాటిపాకలో చిన్న రిఫైనరీ, పొలాల కింద నుంచి పోయే గ్యాసు పైపులు. గోదావరి సముద్రంలో కలిసే చోట కోరింగ మడ అడవులు. మడ చెట్ల వేళ్ల మధ్యకు చమురు చేరితే దాన్ని తీయడం దాదాపు అసాధ్యం. ఆ వేళ్ల మధ్యే పీతలు, రొయ్యలు, ఆల్చిప్పలు ఏరుకునే ఆడవాళ్ల కూలి ఉంది.

తెలుగు నేల మీద చమురు ప్రమాదం అంటే కోనసీమవాసులకు గుర్తొచ్చేది సముద్రం కాదు, మంట. 1995 జనవరి 8న మామిడికుదురు మండలం పాశర్లపూడి దగ్గర తవ్వుతున్న బావిలో పీడనం అదుపు తప్పింది. ఆ బ్లోఅవుట్ 65 రోజులు మండింది. మార్చి 15న విదేశీ నిపుణుల సాయంతో అదుపులోకి వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లను ఇళ్లు ఖాళీ చేయించారు. రాత్రి పగలు తేడా లేని వెలుగు, ఆగని హోరు, కొబ్బరాకుల మీద మసి. అలాంటి మంట విడిచే పొగలో ఊపిరితిత్తుల లోతుకు దిగే సన్నటి రేణువులు, పూర్తిగా కాలని హైడ్రోకార్బన్లు ఉంటాయి. ఆస్తమా ఉన్నవాళ్లకు, గుండెజబ్బు ఉన్న ముసలివాళ్లకు ఇది అదే రోజు ప్రమాదం. మిగతావారికి వారాల తరబడి పీల్చే భారం.

అదే మండలంలోని నగరం గ్రామంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ పైపు పగిలి 20 మందికి పైగా కాలిపోయి చనిపోయారు. ఆ పైపులో పొడి గ్యాసుతో పాటు తేమ, కండెన్సేట్ అనే ద్రవ హైడ్రోకార్బన్ కూడా ప్రవహించేవి. అవి లోపల నుంచి లోహాన్ని తినేశాయి. కారిన గ్యాసు ఊరి మీద పరుచుకుంది. పొద్దున్నే పొయ్యి వెలిగించగానే అంటుకుంది. దీన్ని చమురు తెట్టు అనలేం. కానీ చమురు పక్కన కాపురం ఉన్న ఊరి ఆరోగ్యం గురించి రాసేటప్పుడు నగరాన్ని వదిలేయడం అన్యాయం. ఆవిరి పీల్చడం, చర్మానికి అంటడం, మంటల్లో చిక్కడం అనేవి చమురు మనిషిని చేరే మూడు ముఖ్యమైన దారులు. వాటిలో మూడోది ఎంత త్వరగా ప్రాణం తీస్తుందో తెలుగువాళ్లకు అక్కడే తెలిసింది. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి కారిన స్టైరీన్ ఆవిరి 12 మంది ప్రాణాలు తీసింది. స్టైరీన్ పెట్రోలియం నుంచి తయారయ్యేదే. బెంజీన్‌కు దగ్గరి చుట్టం.

అచ్చమైన చమురు తెట్టు, జనం చేతుల్తో ఎత్తిన తెట్టు, తెలుగు తీరానికి ఆనుకుని తమిళనాడులోని ఎన్నోర్‌లో రెండుసార్లు వచ్చింది. 2017 జనవరి 28 తెల్లవారుజామున కామరాజర్ రేవు ముందు బీడబ్ల్యూ మేపుల్ అనే గ్యాసు ఓడ, డాన్ కాంచీపురం అనే చమురు ఓడ ఢీకొన్నాయి. పెద్ద ప్రమాదమేమీ లేదని మొదట చెప్పారు. తర్వాత తేలిన లెక్క సుమారు 196 టన్నుల బరువైన ఇంధనం. అలలు దాన్ని ఎర్ణావూరు దగ్గరి రాళ్లకట్ట మూలల్లోకి తోసి మందంగా పేర్చాయి. పీల్చే యంత్రాలు ఆ జిగటకు మొరాయించాయి. మిగిలినవి ప్లాస్టిక్ బకెట్లు, మనుషుల చేతులు. మత్స్యకారులు, విద్యార్థులు, స్వచ్ఛంద కార్యకర్తలు వరసలు కట్టి బకెట్లు అందించుకున్నారు. మొదటి రోజుల్లో చాలామందికి సరైన చేతొడుగులు, బూట్లు లేవు. వాళ్ల సేవాభావాన్ని దేశమంతా మెచ్చుకుంది. మెచ్చుకోవలసిందే. అయితే బరువైన ఇంధనాన్ని ఒట్టి చేతుల్తో ఎత్తించడం సేవ పేరుతో జనాన్ని విషానికి అప్పగించడమే అని కూడా చెప్పాలి.

రెండోది 2023 డిసెంబరులో. మిచాంగ్ తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు రెండు రోజులు చెన్నై మీద కుండపోతగా కురిసింది. మణలిలోని చెన్నై పెట్రోలియం రిఫైనరీ ప్రాంతం నుంచి చమురు వరదనీటితో కలిసి బకింగ్‌హాం కాలువలోకి, అక్కడి నుంచి కొసస్తలై నది మొగలోకి, ఎన్నోర్ ఉప్పుటేట్లోకి పాకింది. ఈసారి తెట్టు సముద్రం నుంచి ఒడ్డుకు రాలేదు, ఊరి లోపల నుంచే వచ్చింది. వరదనీటితో ఇళ్లలోకి చేరి గోడల మీద నల్లటి గీత గీసింది. పరుపులు, బియ్యం, పిల్లల పుస్తకాలు అన్నింటికీ అంటుకుంది. కాట్టుకుప్పం, నెట్టుకుప్పం వంటి మత్స్యకార పేటల్లో కళ్ల మంటలు, దద్దుర్లు, ఆయాసం, తలనొప్పి అని జనం చెప్పుకున్నారు. పడవలు, వలలు నల్లబడ్డాయి. జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం తనంత తానే విచారణకు తీసుకుంది. మళ్లీ ఎత్తడానికి దిగినవాళ్లు మత్స్యకారులే. ఈసారి కూలికి.

ఈ రెండు సంఘటనలూ తమిళనాడువి కదా అనుకోనక్కర్లేదు. బకింగ్‌హాం కాలువ ప్రకాశం, నెల్లూరు తీరాల మీదుగా వచ్చి పులికాట్ సరస్సులోంచి ఎన్నోర్‌కు పోతుంది.  పులికాట్‌లో ఎక్కువ భాగం ఆంధ్రలోనే ఉంది. ఎన్నోర్ ఉప్పుటేరు, పులికాట్ ఒకే నీటి వ్యవస్థలో భాగాలు. చేపకూ రొయ్యకూ రాష్ట్రాల హద్దు లేదు.

ఇంకా దూరాన తెలుగు మూలాలున్న జనం ఇలాంటి తెట్టును చూసింది మారిషస్‌లో. కోరింగ రేవు నుంచి ఓడలెక్కి చెరకుతోటలకు వెళ్లిన తెలుగువాళ్ల సంతతి ఆ దీవిలో ఉంది. 2020 జులై 25న వకాషియో అనే జపాను ఓడ ఆగ్నేయ తీరంలోని పగడపు దిబ్బల మీద చిక్కుకుంది. ఆగస్టు 6 నుంచి సుమారు 1000 టన్నుల ఇంధనం కారింది. కరోనా వల్ల సరిహద్దులు మూసి ఉండగా దీవి జనం చెరకు ఆకును గుడ్డసంచుల్లో కుక్కి, తేలే కట్టలు కట్టి తెట్టును అడ్డుకున్నారు. ఆ పనిలో తలనొప్పి, వికారం వచ్చినవాళ్లూ ఉన్నారు. అది గంధకం తగ్గించిన కొత్త రకం ఇంధనం. దాని ఆరోగ్య ప్రభావాల గురించి అప్పటికి లోకానికి అనుభవం చాలా తక్కువ.

ఒంట్లో జరిగేది

మొదటి గంటల్లో వచ్చే లక్షణాలు ప్రపంచమంతా ఒకలాగే ఉన్నాయి: తలనొప్పి, తల తిరగడం, వికారం, కళ్లు మండడం, గొంతు గరగర, దగ్గు. 1993 జనవరిలో షెట్లాండ్ దీవుల దగ్గర బ్రేయర్ ఓడ తీరపు రాళ్లకు తగిలి 84 వేల టన్నులకు పైగా తేలిక చమురు ఒలికినప్పుడు, ఊరివాళ్లలో ఇవి మొదటి రెండు రోజుల్లోనే ఎక్కువగా కనిపించాయి. ఆవిరి పోయాక తగ్గాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో ఇది మామూలు క్రమం. పిల్లలు తమ బరువుకు తగ్గట్టు చూస్తే పెద్దల కన్నా ఎక్కువ గాలి పీల్చుతారు, నేలకు దగ్గరగా తిరుగుతారు. గర్భిణుల విషయంలో వైద్యులు ఎప్పుడూ ముందుజాగ్రత్త వైపే మొగ్గుతారు, వాళ్లను తెట్టు దగ్గర నుంచి ముందు తరలించమంటారు.

చర్మానికి చమురు అంటి నిలిస్తే సహజమైన జిడ్డుపొర పోయి పగుళ్లు, దురద, ఎర్రదనం వస్తాయి. వెంట్రుకల మొదళ్లు మూసుకుపోయి చిన్న చిన్న కురుపులు లేస్తాయి. ఎండ తగిలితే కొన్ని పీఏహెచ్‌ల వల్ల మంట ఇంకా పెరుగుతుంది. ఇక్కడ ఒక పాడు అలవాటు గురించి చెప్పి తీరాలి. మెకానిక్ షెడ్లలో, మరమగ్గాల దగ్గర, రేవుల్లో చేతికంటిన నూనె, గ్రీజు వదిలించుకోవడానికి కిరోసినో పెట్రోలో వాడతారు. ముడి చమురు అంటిన చేతిని కిరోసిన్‌తో కడిగితే చర్మపు రక్షణ పొర ఇంకా కరిగి, విషం లోపలికి వెళ్లే దారి సుగమం అవుతుంది. కొబ్బరినూనో వంటనూనో రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడుక్కోవడమే సరైన పద్ధతి.

చమురు కలిసిన నీరు మింగడం ఈతలోనో, పడవ తిరగబడినప్పుడో జరుగుతుంది. అప్పుడు వాంతి చేయించకూడదు. కిరోసిన్ తాగిన పిల్లలను చూసిన మన వైద్యులందరికీ దీని కారణం తెలుసు: కడుపులోకి వెళ్లిన దాని కన్నా, వాంతితో ఊపిరితిత్తుల్లోకి జారిన కొద్ది చుక్కలే ప్రాణాంతకమైన న్యుమోనియా తెస్తాయి.

నెలలు, ఏళ్లు దాటాక ఏం మిగులుతుందన్నది కష్టమైన ప్రశ్న. దానికి ఎక్కువ వెలుగు చూపింది స్పెయిన్. 2002 నవంబరులో గలీసియా తీరంలో ప్రెస్టీజ్ ఓడ విరిగి 60 వేల టన్నులకు పైగా బరువైన ఇంధనం ఒలికింది. మత్స్యకారులే వేల సంఖ్యలో శుభ్రం చేయడానికి దిగారు. తర్వాత 6,780 మంది మత్స్యకారులను ప్రశ్నించిన అధ్యయనంలో, తెట్టు ఎత్తినవాళ్లలో పిల్లికూతలు, ఆయాసం, కఫంతో దగ్గు ఎక్కువగా కనిపించాయి. పనిచేసిన రోజులు, రోజుకు గంటలు, పనుల రకాలు పెరిగేకొద్దీ జబ్బూ పెరిగింది. ఇలా మోతాదుతో పాటు ఫలితం పెరగడం వైద్యంలో బలమైన సాక్ష్యం. రెండేళ్ల తర్వాత వాళ్లలో కొందరిని పరీక్షిస్తే ఊపిరిలో వాపు గుర్తులు, రక్తకణాల క్రోమోజోముల్లో మార్పులు పనిచేయనివారి కన్నా ఎక్కువగా ఉన్నాయి. క్రోమోజోము మార్పు అంటే క్యాన్సర్ వచ్చినట్టు కాదు, వాళ్లను దీర్ఘకాలం గమనించవలసిన కారణం దొరికినట్టు.

అమెరికాలో 2010 ఏప్రిల్ 20న డీప్‌వాటర్ హొరైజన్ పేలి 11 మంది చనిపోయారు, బావి 87 రోజులు కారింది. శుభ్రపరిచే పనిలో ఉన్న సుమారు 33 వేల మందిని అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ పేర్లు రాసుకుని ఏళ్ల తరబడి వెంబడించింది. పనిచేసినవాళ్లలో ఆస్తమా లక్షణాలు, గుండె సంబంధ సమస్యలు, కుంగుబాటు ఎక్కువని ఆ పరంపర నుంచి వెలువడిన పత్రాలు చూపించాయి. తెట్టును విడగొట్టడానికి చల్లిన కోరెక్సిట్ రసాయనం మీద వివాదం ఇప్పటికీ ఉంది. అది తెట్టును సన్నటి బిందువులుగా చేసి ఒడ్డుకు రాకుండా ఆపుతుంది. ఆ పనిచేసినవాళ్ల ముక్కులోకి, చర్మంలోకి మాత్రం రెండు రసాయనాలు కలిసి వెళ్లాయి.

కరాచీ ఒడ్డున 2003 జులైలో టాస్మాన్ స్పిరిట్ ఓడ చిక్కుకుని సుమారు 30 వేల టన్నుల ముడి చమురు ఒలికినప్పుడు, శుభ్రం చేసినవాళ్ల ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గింది. తెట్టుకు దూరంగా ఉన్నాక చాలా వరకు కోలుకుంది. ఇది ఊరటనిచ్చే సంగతి. ఎత్తినవాళ్లను తగిన సమయంలో పని మార్పించి విశ్రాంతి ఇస్తే నష్టం కొంత వెనక్కి తిరుగుతుందని దీని అర్థం.

మనసు, పని, అప్పు

అలాస్కాలో 1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డెజ్ ఓడ రాయికి తగిలాక ఒక ఏడాదికి అక్కడి ఊళ్లలో సర్వే చేశారు. తెట్టు తీవ్రంగా తాకినవారిలో ఆందోళన రుగ్మత మిగతావారి కన్నా 3.6 రెట్లు, పెనుగాయం తర్వాత వచ్చే మానసిక రుగ్మత 2.9 రెట్లు ఎక్కువగా కనిపించాయి. చేప, సీలు వేట మీద బతికే స్థానిక తెగలవారు ఎక్కువ దెబ్బతిన్నారు. కంపెనీ మీద 1994లో జ్యూరీ వేసిన 500 కోట్ల డాలర్ల శిక్షాపరిహారాన్ని సుప్రీంకోర్టు 2008లో 50.75 కోట్లకు కుదించింది. ఆ 14 ఏళ్ల ఎదురుచూపు కూడా జబ్బులో భాగమే అని అక్కడి సామాజిక శాస్త్రవేత్తలు అన్నారు. కొరియాలో 2007 డిసెంబరు 7న హెబే స్పిరిట్ నుంచి 10 వేల టన్నులకు పైగా చమురు తేఆన్ తీరాన్ని ముంచెత్తింది. పది లక్షలకు పైగా స్వచ్ఛంద కార్యకర్తలు వచ్చి రాళ్లను గుడ్డలతో తుడిచారు. ఆ రాళ్ల మధ్యే ఆల్చిప్పలు పెంచుకుని బతికే కొందరు ఆత్మహత్య చేసుకున్నారు.

మన మత్స్యకారులకు పని ఆగిపోవడం కొత్త కాదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం. ఆ 61 రోజులకు ఇల్లు ముందే సిద్ధపడుతుంది, ప్రభుత్వం భృతి ఇస్తుంది. తెట్టు చెప్పి రాదు. చమురంటిన నైలాన్ వల ఉతికినా పనికిరాదు, కొత్త వలకు అప్పు కావాలి. అప్పిచ్చేది చేపలు కొనే వ్యాపారే. రేపటి వేట ఆయనకే ముందు తాకట్టు. తీరంలో చేప పట్టేది మగవాళ్లే అయినా, గంపకెత్తి అమ్మేది, ఎండబెట్టేది ఆడవాళ్లు. పరిహారం జాబితాలు పడవ పేరు మీద, లైసెన్సు పేరు మీద తయారవుతాయి కాబట్టి వాళ్ల పేర్లు జారిపోతాయి. ఆందోళన, నిద్రలేమి, ఇంట్లో కొట్లాట, తాగుడు అనే వరస ఇక్కడి నుంచే మొదలవుతుంది. దాన్ని ఆరోగ్య ప్రభావం కింద రాయకపోతే లెక్క సగమే.

చేప తినవచ్చా?

ప్రతి తెట్టు తర్వాత బజారులో వచ్చే మొదటి ప్రశ్న ఇదే. రెక్కల చేపల కాలేయం పీఏహెచ్‌లను చాలా వరకు విరిచి బయటకు పంపేస్తుంది. ఆల్చిప్పలు, గుల్లలు అలా చేయలేవు. నీటిని వడకట్టి తింటాయి, విషాన్ని వారాలు నెలలు దాచుకుంటాయి. రొయ్యలు, పీతలు ఈ రెండింటికీ మధ్యన. కాబట్టి తెట్టు తగిలిన ఉప్పుటేట్లో ముందు మానవలసినవి, చివరిగా మొదలుపెట్టవలసినవి గుల్లలే. అమెరికాలో 2010లో ఒక దశలో మెక్సికో సింధుశాఖలోని ఆ దేశపు జలాల్లో దాదాపు 37 శాతం మేర వేట ఆపేశారు. తర్వాత ప్రాంతం ప్రాంతం చొప్పున వాసన పరీక్ష, రసాయన పరీక్ష రెండూ దాటాకే తెరిచారు. మన దగ్గర అలాంటి పరీక్ష ఫలితాలు పేట పేటలో తమిళంలోనో తెలుగులోనో అతికించి ఉంటే పుకారు ఆగుతుంది. లేకపోతే రెండు నష్టాలు: చెడ్డ గుల్ల పేదింటి కూరలోకి వెళ్తుంది, మంచి చేప కూడా అమ్ముడుపోక కుళ్లిపోతుంది.

నేల, బావి నీరు

సముద్రపు తెట్టును అలలు కొంత చెరుపుతాయి. నేల మీద ఒలికింది భూగర్భ జలంలోకి దిగితే దశాబ్దాలు నిలుస్తుంది. నైజీరియాలోని ఒగోనీ ప్రాంతాన్ని పరిశీలించిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2011 నివేదికలో, ఒక ఊరి బావుల్లో బెంజీన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితికి 900 రెట్లకు పైగా ఉందని చెప్పింది. అప్పట్లో జనం ఆ నీళ్లే తాగుతుండేవారు. ఆ దేశంలోనే గర్భం రాకముందు ఇంటికి 10 కిలోమీటర్లలోపు చమురు ఒలికిన తల్లులకు పుట్టిన పసికందుల్లో మొదటి నెల మరణాలు దాదాపు రెట్టింపయ్యాయని 2019లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఒకే తల్లికి తెట్టుకు ముందు పుట్టిన బిడ్డను, తర్వాత పుట్టిన బిడ్డను పోల్చి చూశారు కనుక పేదరికం వల్ల వచ్చిన తేడా అని కొట్టిపారేయలేం. కోనసీమలో పైపు కారి పొలంలో చమురు తేలిందన్న వార్త వచ్చినప్పుడల్లా పంట నష్టం రాస్తారు, పరిహారం ఇస్తారు. ఆ పొలం గట్టున ఉన్న చేతిపంపు నీళ్లు బెంజీన్ కోసం పరీక్షించారా అన్నది అడగవలసిన మొదటి మాట.

రక్షణ, నమోదు

భారతదేశంలో చమురు తెట్టును ఎదుర్కొనే జాతీయ ప్రణాళిక 1996లో అమల్లోకి వచ్చింది. దానికి తీరరక్షక దళం కేంద్ర సమన్వయ సంస్థ. తెట్టును చుట్టుముట్టడం, పీల్చడం, చెదరగొట్టడం గురించి ఆ వ్యవస్థకు నైపుణ్యం ఉంది. ఒడ్డుకు చేరాక బాధ్యత జిల్లా యంత్రాంగం, రేవులు, కాలుష్య నియంత్రణ మండలి మధ్య పంచుకుపోతుంది. ఎత్తే మనిషి ఆరోగ్యం ఆ పంపకంలో ఎవరి వాటాకూ పూర్తిగా రాదు.

ఎత్తేవాళ్లకు ఇవ్వవలసినవి పెద్ద రహస్యాలేమీ కావు. నూనెకు కరగని నైట్రైల్ చేతొడుగులు, మోకాళ్ల దాకా బూట్లు, కళ్లద్దాలు, ఆవిరి పీల్చే కార్బన్ డబ్బీ ఉన్న మాస్కు. కరోనా రోజుల్లో అలవాటైన గుడ్డ మాస్కు గానీ ఎన్95 గానీ రేణువులను ఆపుతుంది, బెంజీన్ ఆవిరిని ఆపదు. చల్లటి దేశాల పుస్తకాల్లో లేని చిక్కు ఒకటి మనకుంది. మే నెల ఎండలో ఒళ్లంతా కప్పే ప్లాస్టిక్ దుస్తులతో అరగంట పనిచేస్తే వడదెబ్బ కొడుతుంది. ఒళ్లు మండి తీసేస్తారు, చమురు అంటుతుంది. అందుకే పొద్దున్నే, సాయంత్రమే పని, చిన్న చిన్న వంతులు, నీడ, ఉప్పు చక్కెర కలిపిన నీళ్లు, పని చోటే బట్టలు మార్చి కడుక్కునే ఏర్పాటు ఉండాలి. చమురంటిన బట్టలతో ఇంటికి వెళ్తే ఆ బట్టలు ఉతికే ఆడమనిషికీ అదే విషం. గర్భిణులను, పిల్లలను, ఆస్తమా ఉన్నవాళ్లను ఎంత ఉత్సాహంగా వచ్చినా వెనక్కి పంపాలి.

తర్వాతది నమోదు. అమెరికాలో 33 వేల మందికి ఉన్నటువంటి పట్టిక తెలుగు తీరంలో ఏ ప్రమాదానికీ తయారు కాలేదు. ఎవరు ఎన్ని రోజులు ఎత్తారో రాసి లేనప్పుడు, పదేళ్ల తర్వాత వచ్చిన రక్తజబ్బుకూ ఆ బకెట్టుకూ సంబంధం ఉందో లేదో ఏ వైద్యుడూ చెప్పలేడు, ఏ కోర్టూ తేల్చలేదు. దీనికి ఖరీదైన ఆసుపత్రి అక్కర్లేదు. తీర మండలాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలు ఇప్పటికే ఇల్లిల్లూ ఎరుగుదురు. పేరు, వయసు, పనిచేసిన చోటు, గంటలు, ఒంటిమీద ఉన్న రక్షణ, వచ్చిన లక్షణాలు ఒక నోటు పుస్తకంలో ఎక్కితే చాలు. దానితో పాటు మూత్రం నమూనా తీసి చల్లగా భద్రపరచాలి. బెంజీన్ ఒంట్లో విరిగి మ్యూకోనిక్ ఆమ్లంగా, పీఏహెచ్‌లు హైడ్రాక్సీపైరీన్‌గా మూత్రంలో కనిపిస్తాయి. ఇవి గంటల లెక్కన తగ్గిపోతాయి. పని దిగిన రోజు సాయంత్రం తీసిన నమూనాలో ఉన్న సాక్ష్యం, విచారణ సంఘం వచ్చే వారానికి ఒంట్లో ఉండదు.